ఏ బిళ్ల మంచిదని అడిగావు

ఫిబ్రవరి 16, ఆదివారం
మధ్యాహ్నం

నా చెల్లెలు పిచ్చుకకు,

చిన్నక్క ఎంతో ప్రేమతో దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీ బావగారూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, మరిదిగారూ, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఉత్తరం అంటే ఇలాగే మొదలుపెట్టాలని పెద్దక్క మనిద్దరినీ కూర్చోబెట్టి నేర్పింది కాబట్టి రాశాను గానీ, నువ్వు కులాసాగా లేవనే కదా నాకు ఉత్తరం రాసింది.

నీ ఉత్తరం సోమవారం అందింది. వారం రోజులు బ్యాగులో పెట్టుకుని తిరిగాను. బస్సులో రెండుసార్లు, క్యాంటీన్‌లో ఒకసారి, వంటింట్లో స్టవ్ దగ్గర నిలబడి ఎన్నిసార్లో చదివాను. నాలుగేళ్ల తర్వాత నీ చేతిరాత చూశాను. బడిపిల్లలకి పలక మీద రాసిచ్చినట్టు ఇప్పటికీ అంతే గుండ్రంగా ఉంది. ఫోన్ చేస్తే ఎత్తవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను అన్నావు. ఎత్తను, నిజమే. అది కోపం అనుకుంటున్నావు. పెద్దక్కకి బాగాలేనప్పుడు నువ్వు వచ్చి దగ్గరుండి చూసుకోలేదని నేను మనసులో పెట్టుకున్నానని రాశావు, క్షమించమని కూడా రాశావు. ఆ వాక్యం దగ్గరికి వచ్చిన ప్రతిసారీ కాగితం మడిచేశాను. దాని సంగతి తర్వాత. ముందు నువ్వు అడిగినదానికి జవాబు చెబుతాను.

అడిగింది ఒక్కటే ముక్క. మూడు నెలలుగా నీరసంగా ఉంటోంది, రోజూ ఒకటి వేసుకునే విటమిన్ బిళ్లల్లో ఏది మంచిది, పందొమ్మిదేళ్లుగా ఆ బిళ్లల మధ్యే బతుకుతున్నావు, నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అని.

నాకేం తెలుసో చెబుతా విను. నా పని గురించి నీకెప్పుడూ వివరంగా చెప్పలేదు, చెప్పుకోడానికి అందులో ఏముందని. మొదటి పన్నెండేళ్లు పూత గదిలో చేశాను. సిమెంటు కలిపే మిషను లాంటి పెద్ద స్టీలు డ్రమ్ములో తెల్ల బిళ్లలు పోస్తారు. అది తిరుగుతుంటే రేకుల కప్పు మీద వాన పడుతున్నట్టు చప్పుడు. పైనుంచి సన్నగా రంగు చిమ్ముతుంది. గులాబీ రంగు చిమ్మితే ఆడవాళ్ల బిళ్ల, ముదురు నీలం చిమ్మితే మగవాళ్ల బిళ్ల, పసుపు చిమ్మితే యాభై దాటినవాళ్లది. లోపలి పొడిలో తేడా లేనే లేదనను. ఒకదాంట్లో ఇనుము కాస్త ఎక్కువ, ఒకదాంట్లో అసలుండదు, ఇంకోదాంట్లో కాల్షియం. కానీ డబ్బా మీద చెప్పుకునేంత తేడా మాత్రం లేదు. గులాబీ డబ్బా మీద పొద్దున్నే పరుగెత్తుతున్న అమ్మాయి బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ అతికించే మాలో ఒక్కళ్లం కూడా బస్సు వెళ్లిపోతున్నా పరుగెత్తలేం.

ఇప్పుడు ఏడేళ్లుగా బిళ్లలు ఏరే బల్ల దగ్గర కూర్చుంటున్నాను. బెల్టు కింద లైటు వెలుగుతుంటుంది, పైన బిళ్లలు సాగిపోతుంటాయి. అంచు విరిగినవీ, పూత మచ్చలు పడ్డవీ ఏరి పక్కన పడేయడమే పని. మధ్యాహ్నం అయ్యేసరికి కళ్లు మూసుకున్నా బిళ్లలే కదులుతుంటాయి. ఆ విటమిన్ వాసన ఎంత రుద్దినా ఒంటిని వదలదు. మీ బావగారు నన్ను సీసా అని పిలుస్తారు, సీసా వచ్చిందా, సీసా తిన్నదా అని. ఆయన సరదాకే అంటారు. నాకు నవ్వే ఓపిక లేక ఊరుకుంటాను.

అయినా నువ్వు అడిగావు కదా అని మంగళవారం మా సూపర్‌వైజరుని అడిగాను, మన బిళ్లల్లో ఏది మంచిది సార్ అని. అన్నీ మంచివేనమ్మా, మనం చేసినవే కదా అన్నాడు. మరి మీరు ఏది వేసుకుంటారు అన్నాను. నాకెందుకు, నేను బాగానే తింటాగా అన్నాడు. మిషను మేస్త్రీ మాత్రం తను పొద్దున్నే రెండు మింగుతానని, తన హుషారంతా అందులోదేనని చెప్పాడు. ఆ హుషారు మాకందరికీ తెలుసు. భోజనం అయ్యాక మిషను వెనకాల కుర్చీలో గంటసేపు గుర్రు పెడతాడు.

గురువారం పని నుంచి వస్తూ మా వీధి చివర మందుల షాపుకి వెళ్లాను. ఇన్నేళ్లలో విటమిన్ డబ్బా కొనడానికి వెళ్లడం అదే మొదలు. గోడ నిండా అరలు. మింగేవి, చప్పరించేవి, నీళ్లలో వేస్తే బుసబుసా పొంగేవి, జెల్లీ మిఠాయిల్లా నమిలేవి. జుట్టుకి వేరు, గోళ్లకి వేరు, మోకాళ్లకి వేరు. ఒక్క మనిషికి ఇన్ని ముక్కలున్నాయా అనిపించింది. ఎవరికమ్మా అని అడిగాడు షాపతను. మా చెల్లికి అన్నాను. వయసెంత అన్నాడు. నలభై నాలుగు అన్నాను. ఏంటి ఇబ్బంది అన్నాడు. నీరసం అనే మాట పూర్తిగా నా నోట్లోంచి రాకముందే సీసా వచ్చి బల్ల మీద కూర్చుంది. గులాబీ రంగుది. మూడు నెలలు వాడి చూడమనండి, మనిషే మారిపోతుంది అన్నాడు. అందులో ఉన్నవి నేను ఏరినవే కావచ్చు. చెయ్యి సీసా దాకా వెళ్లింది, దాన్ని పట్టుకోలేకపోయింది. తర్వాత వస్తానని చెప్పి బయటికి వచ్చేశాను. అతను ఏమనుకున్నాడో.

శుక్రవారం ల్యాబ్‌లో కళ్లజోడు అమ్మాయిని పట్టుకున్నాను. చదువుకున్న పిల్ల, పొడిలో ఏది ఎంత ఉందో పరీక్ష చేసేది తనే. మిగతావాళ్లు మాతో మాట్లాడేటప్పుడు గోడ వైపు చూస్తారు, ఈ పిల్ల ముఖం వైపు చూస్తుంది. టీ టైములో నీ ఉత్తరం తీసి, సొంత మాటలు వదిలేసి నీ ఒంటి సంగతులు మాత్రం చదివి వినిపించాను. రెండో అంతస్తు క్లాసుకి ఎక్కడానికి మధ్యలో రెండుసార్లు ఆగుతున్నావని, పొద్దున ప్రార్థనలో నిలబడలేక కుర్చీ వేయించుకుంటున్నావని, పిల్లలు నిన్ను కుర్చీ టీచర్ అంటున్నారని. అంతవరకు వింటూ బిస్కెట్ తింటూనే ఉంది. సుద్దముక్క చూస్తే నోట్లో వేసుకోవాలనిపిస్తోంది, మొన్న నిజంగానే ఒకటి కొరికాను, నవ్వకు చిన్నక్కా అని రాశావు చూడు, అక్కడ ఆపమంది. ఆంటీ, ఆవిడకి నెలసరి ఎలా ఉందో ఏమైనా రాసిందా అంది. రాసింది, పది రోజులైనా ఆగట్లేదట, వయసు మారుతోంది కదా అలాగే ఉంటుందిలే అనుకుంటోంది అన్నాను.

ఆ పిల్ల బిస్కెట్ పక్కన పెట్టేసింది. ఇది బిళ్ల ఎంచుకునే విషయం కాదాంటీ అంది. సుద్ద, మట్టి, ఐసుముక్కలు నమలాలనిపించడం చాలాసార్లు రక్తం తక్కువైనవాళ్లలో కనిపిస్తుందట. ముందు రక్తం ఎంతుందో పరీక్ష చేయించుకోమనండి, అసలు అది ఎందుకు తగ్గుతోందో డాక్టరుని చూడమనండి అంది. మన బిళ్లలో ఉండే ఇనుము లోటు రాకుండా చూసుకోడానికే గానీ, లోటు పడ్డాక పూడ్చడానికి చాలదట. అడుగున కారుతున్న బిందెలో చెంచాతో నీళ్లు పోస్తూ కూర్చున్నట్టు ఉంటుంది అంది. ఇంకోటి కూడా చెప్పింది. ఇనుమున్న బిళ్లలు వేసుకుంటే విరేచనం నల్లగా అవ్వొచ్చు, అందుకని ఏది దేనివల్లో సొంతంగా తేల్చుకోకూడదు, నల్లగా కనిపిస్తే డాక్టరుకి చెప్పి తీరాలి అని. తెలుసమ్మా అన్నాను. మీకెలా తెలుసు అని ఆ పిల్ల అడగలేదు. బెల్లు మోగింది, వచ్చేశాను.

అందుకని పిచ్చుకా, ఏ బిళ్లా కొనుక్కోవద్దు. ఇదే నా జవాబు. నా పందొమ్మిదేళ్ల అనుభవం చూసి అడిగావు, ఆ అనుభవంతోనే చెబుతున్నాను. పరీక్ష అయ్యాక డాక్టరు ఏదైనా వేసుకోమంటే వేసుకో. అప్పుడు కూడా ముందువైపు బొమ్మ చూడకు, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఏది ఎంతుందో చూడు. ఒకటి వాడుతుండగా బాగుందని ఇంకోటి కలిపి మింగకు. టీ తాగుతూ మింగకు, ఇనుము ఒంటికి పట్టదు. నీకు టీ లేకపోతే తెల్లారదు కాబట్టి చెబుతున్నాను.

నీ ఉత్తరం చివర్లో ఒక మాట ఉంది. మరిదిగారు డాక్టరు దగ్గరికి పద పద అని ప్రాణం తోడేస్తున్నారని, నువ్వు ససేమిరా అంటున్నావని, పెద్దక్క మొండితనమంతా నాకే వచ్చింది చిన్నక్కా అని. అది ఏదో గొప్ప ఆస్తిలాగా రాశావు. ఆవిడ తలుచుకుంటే కదిలేది కాదు కదా, నేనూ అంతే అని.

పెద్దక్క గురించి మనిద్దరం నాలుగేళ్లుగా ఒక్క మాటా మాట్లాడుకోలేదు. ఇప్పుడు రాస్తుంటే ఆవిడ పక్క గదిలో ఉన్నట్టే ఉంది. మనకి అమ్మా నాన్నా ఎలా ఉండేవారో నీకు గుర్తులేదు, నాకు కొంచెం గుర్తు. నీకు తెలిసిన అమ్మ పెద్దక్కే. నువ్వు తిండి గింజ గింజ ఏరుకుని తింటున్నావని నీకు పిచ్చుక అని పేరు పెట్టింది ఆవిడే. లాండ్రీలో ఇరవై ఆరేళ్లు ఇస్త్రీ చేసింది. ఆస్పత్రి దుప్పట్లు, హోటలు దిండు గలీబులు. నీ ఫీజు కట్టింది, నా పెళ్లి చేసింది, తన సంగతి మాత్రం తర్వాత చూద్దాం అంటూ చూడటమే మరిచిపోయింది. చివరికి కుడిభుజం పైకి లేవడం మానేశాక నా దగ్గరికి వచ్చి ఉంది. ఆ భుజం నొప్పికి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి నొప్పిబిళ్ల వేసుకునేది. ఏళ్ల తరబడి. అది కడుపులో పుండు చేసి లోపల్లోపలే రక్తం కారేలా చేస్తుందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

నా దగ్గరికి వచ్చిన కొన్నాళ్లకే నీరసం అనేది. కూర తరుగుతూ కత్తి పక్కన పెట్టి గోడకి ఆనుకునేది. మెట్ల మీద కూర్చుండిపోయేది. కంపెనీలో నెలాఖరుకి మా అందరికీ తలా ఒక డబ్బా ఇస్తారు. గులాబీవి తెచ్చి ఆవిడకి ఇచ్చాను. నా చెల్లి చేసిన బిళ్లలు అని ఇరుగుపొరుగుకి చూపించుకునేది. ఎనిమిది నెలలు వేసుకుంది, ఎనిమిది డబ్బాలు. తర్వాత ఒక మంగళవారం పొద్దున స్నానాలగదిలో పడిపోయింది. రక్తం ఎక్కించారు, మూడో రోజుకి పోయింది. నువ్వు వచ్చేసరికి నీ చేతిలో చెయ్యి పెట్టే స్పృహ కూడా లేదు. ఇన్నాళ్లుగా కడుపులో రక్తం పోతోంది, ఎవరూ చూడలేదా, రెండు నెలల ముందు తీసుకొచ్చినా సరిపోయేదే అన్నాడు డాక్టరు. ఎంత రమ్మన్నా రాలేదండీ, మొండి మనిషి అన్నాను నేను. నీకూ అదే చెప్పాను. చుట్టాలందరికీ అదే చెప్పాను. ఆ మాట విని నువ్వు నన్ను పట్టుకుని ఏడ్చావు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు తవ్వుతున్నానంటే, నీ కుర్చీ సంగతి చదివినప్పుడు నాకు ఆ మెట్లు కనపడ్డాయి.

వచ్చే గురువారానికి సెలవు పెట్టాను. సూపర్‌వైజరు కాగితం రెండుసార్లు చదివి, అంతా క్షేమమేనా అన్నాడు. నేను నోరు తెరిచి సెలవు అడగడం అతను ఎరగడు. పొద్దున ఆరున్నర బస్సు ఎక్కితే పదింటికల్లా మీ ఊళ్లో దిగుతాను. బస్టాండు నుంచి ఇంటికి వద్దు, నేరుగా ఆస్పత్రికే వెళ్దాం. పరగడుపున రావాలేమో ముందే కనుక్కో. స్కూల్లో చెప్పెయ్, ఒక్కరోజు కుర్చీ టీచర్ లేకపోతే అక్షరాలు ఎక్కడికీ పోవు. వరస ఎంత పొడుగున్నా నేను నిలబడతాను, నువ్వు బెంచీ మీద కూర్చో. పాపకి ఏమైనా తేవాలా, అది ఇంకా బొమ్మలకి రంగులేస్తోందా, లేక పెద్దదైపోయిందా? మరిదిగారికి నా నమస్కారాలు చెప్పు. ఆయన్ని విసుక్కోకు.

రాయాల్సింది చాలా ఉంది గానీ చెయ్యి లాగుతోంది. రేపు పొద్దున్నే పోస్టు డబ్బా తీస్తారు, ఈలోపే వెయ్యాలి.

ఆశీస్సులతో,
నీ చిన్నక్క

తా.క. కవరు అంటించాను. చెప్పులు వేసుకున్నాను. మళ్లీ వచ్చి కూర్చుని కవరు చింపాను. వేరే కవరు చూసుకోవాలి.

పెద్దక్క మొండిది కాదు పిచ్చుకా. ఆవిడ రాననలేదు. నేను రమ్మనలేదు. ఆవిడే అడిగింది, రెండుసార్లు అడిగింది.

మొదటిసారి, పడిపోవడానికి రెండున్నర నెలల ముందు. చిన్నీ, వారం నుంచి నల్లగా అవుతోందే, తారు లాగా, ఒకసారి డాక్టరుకి చూపిద్దామా అంది. నేను తల దువ్వుకుంటూ, బిళ్లలో ఇనుముంటుంది, అలాగే అవుతుందిలే అన్నాను. అది అబద్ధం కాదు, నాకు తెలిసిందే చెప్పాను. బిళ్లల కంపెనీలో పనిచేసే చెల్లి చెప్పింది కాబట్టి ఆవిడ నమ్మింది.

రెండోసారి అడిగినప్పుడు మాత్రం ఆవిడ ముఖం నేను చూశాను. కాగితంలా ఉంది. అది ఇనుము కాదని నాకు తెలిసింది. ఆ రోజు ఉతికిన బట్టలు కట్టుకుని, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది, నేను షిఫ్టు నుంచి వచ్చేసరికి. ఇప్పుడు వెళ్దామా చిన్నీ, ఇంకా తెరిచే ఉంటారు అంది. ఆస్పత్రి వరస, చీటీ, బెంచీ, మళ్లీ వరస తలుచుకున్నాను. ఆదివారం చూద్దాంలే అక్కా అన్నాను. ఆవిడ సరేనని చెప్పులు విప్పేసింది. ఆదివారం నేను పడుకున్నాను. సాయంత్రం దాకా నిద్రపోయాను. ఆవిడ లేపలేదు. రెండు రోజులకి పడిపోయింది.

నేను అలిసిపోయి ఉన్నాను, అంతే. అంతకన్నా పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని నాలుగేళ్లుగా వెతికాను. లేదు.

డాక్టరు అలా అడిగేసరికి మొండి మనిషి అనే మాట నా నోట్లోంచి వచ్చేసింది. తర్వాత దాన్ని వెనక్కి తీసుకోలేకపోయాను. నువ్వు దూరంగా ఉన్నందుకు నిన్ను నువ్వు తిట్టుకుంటూ నా భుజం మీద ఏడుస్తుంటే నీ వీపు నిమిరాను. ఆ తర్వాత నీ ఫోను ఎలా ఎత్తను చెప్పు. క్షమించమని నువ్వు అడగడం ఏమిటి?

ఇంకా దాచిపెట్టేదాన్నే. కానీ నువ్వు, ఆవిడకి లేని మొండితనాన్ని ఆవిడ దగ్గర్నుంచి తెచ్చుకున్నాననుకుని ఆస్పత్రికి వెళ్లకుండా కూర్చున్నావు. అది ఆవిడది కాదు, నేను కల్పించింది. దాన్ని పట్టుకుని వేళ్లాడకు.

ఇది చదివాక నా ముఖం చూడాలనిపించకపోతే, రావద్దని ఒక్క ముక్క కబురు పెట్టు. రాను. సెలవు వృథా అవుతుందని ఆలోచించకు. కానీ మరిదిగారితో వెళ్లు. ఆయన పద అంటున్నారు కదా, లేచి వెళ్లు. పెద్దక్క చెప్పులు వేసుకుని నిలబడినా పద అన్నవాళ్లు లేకపోయారు.